దాలమ్మ చెప్పిన వరస

బుధవారం సాయంత్రం రాజకుమారి ఫోను చేసేసరికి సుహాసిని పొయ్యి దగ్గర ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పప్పు కలుపుతూ, "చెప్పమ్మా" అంది.

"మీ చిన్నమావ ఇప్పుడే మాటాడేడే. శుభలేఖ మీద ఆడి పేరు ముందెయ్యకపోతే పెళ్ళికి రాడంట. ఆడూ రాడు, పెళ్ళాన్నీ రానివ్వడు, అత్తారింటికాణ్ణించి కూతురు భారతినీ రానివ్వడంట."

"మరి పెద్దమావయ్య?"

"ఆడేటంటాడు? పెళ్ళి నా కొడుక్కి, వయసులో పెద్దోణ్ణి, నా పేరే ముందంటన్నాడు. ఇద్దరిదీ ఒకటే పాట. మా యమ్మ ఆనాడే సెప్పింది, సుహాసిని సేత రాయించింది అనీసి. ఒక్క మనిషి రెండు మాటలెలా సెప్తాదే?"

సుహాసిని పొయ్యి కట్టేసింది. శ్రీముఖలింగం దగ్గర పల్లెలో వాళ్ళ తాతగారిది ఒకే పెంకుటిల్లు, రెండు గుమ్మాలు. ఒక గుమ్మంలో పెద్దమావయ్య జగన్నాధం, రెండో దాంట్లో చిన్నమావయ్య తిరుమలరావు. తాతగారి మొదటి భార్య లక్ష్మీనరసమ్మకి పదేళ్ళు పిల్లలు కలగకపోతే, ఆవిడే పట్టుబట్టి తన చెల్లెలు దాలమ్మని ఆయనకిచ్చి చేసింది. దాలమ్మకి జగన్నాధం, తర్వాత రాజకుమారి పుట్టారు. ఆ మధ్యలోనే, ఎవరూ అనుకోకుండా, లక్ష్మీనరసమ్మకి తిరుమలరావు పుట్టాడు. అందుకని వయసుకి జగన్నాధం పెద్ద, తల్లి వరసకి తిరుమలరావు పెద్ద. పొలం పంపకంలో రాని తగాదా, నీళ్ళ దగ్గర రాని తగాదా, ఎప్పుడొచ్చినా శుభలేఖ మీదే వస్తుంది.

"నాకు ఆళ్ళ పేర్లతో పని నేదే," అంది రాజకుమారి. గొంతు తగ్గింది. "ఒక గుమ్మంలో కాలెడితే రెండో గుమ్మం మూసెయ్యరుగదా అని నా బెంగ. పుట్టిల్లు రెండు ముక్కలైతే ఎక్కడికని ఎల్తాను?"

"అమ్మా, నువ్వు బెంగపడకు. ఆ రోజు అమ్మమ్మ చెప్పిన వరస నా లాప్‌టాప్‌లో ఉంది. రేపు పెద్దమావయ్య వస్తాడుగదా, తీసి చూపిస్తాను. ఎవరి పేరుంటే వాళ్ళదే. ఇంక మాటుండదు."

"ఉన్నాదా? నిజివేనా?"

"పెట్టెలో పెట్టినట్టుంది."

ఆ మాట అన్నందుకు ఆమె మర్నాడంతా తనని తను తిట్టుకుంది.

సుహాసిని నెల్లిమర్లలో వీధి గదిలో టేబులు వేసుకుని శుభలేఖలు టైపు చేస్తుంది. భర్త యుగంధర్ జూటు మిల్లులో షిఫ్టుకి వెళ్ళాక ఇల్లు సర్దుకుని కూర్చుంటుంది. అచ్చు విజయనగరంలో ప్రెస్సువాళ్ళు చూసుకుంటారు, ఆమెది అక్షరాల వరకే. ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలు, ఇంటిపేరుతో. ఆ ఇంట్లో మళ్ళీ పెళ్ళయితే కొత్తగా మొదలుపెట్టదు. పాత ఫైలే తెరిచి వధూవరుల పేర్లు మారుస్తుంది, ముహూర్తం మారుస్తుంది, ఈ మధ్యలో పోయినవాళ్ళుంటే పేరు ముందు కీర్తిశేషులని చేరుస్తుంది. కింద ఆహ్వానించేవాళ్ళ వరస మాత్రం తాకదు. ఆ వరస వెనక ఏ ఇంట్లో ఎన్ని కన్నీళ్ళున్నాయో టైపు చేసేవాళ్ళకేం తెలుస్తుంది?

మావయ్యల ఇంటి వరస అయిదేళ్ళ కిందట కుదిరింది. తిరుమలరావు కూతురు భారతి పెళ్ళికి. అప్పుడూ ఇదే తగాదా. దాలమ్మ కొడుకులిద్దరినీ బస్సెక్కించుకుని నెల్లిమర్ల వచ్చి, ఈ టేబులు ముందే కూర్చుని, తను చెప్పి సుహాసిని చేత టైపు చేయించింది. ఇద్దరూ సరేనన్నారు. కానీ నాలుగు రోజులకే కరోనా రెండోసారి ముంచుకొచ్చింది. పెళ్ళికి ఇరవైమందికి మించకూడదన్నారు. కార్డులు అచ్చుకే వెళ్ళలేదు. ఆ మరుసటేడు దాలమ్మ పోయింది. అంటే ఆ వరస కాగితం మీద ఎక్కడా లేదు. ఉన్నది ఆ ఫైల్లోనే.

అందులో ఎవరి పేరు ముందుందో సుహాసినికి గుర్తు లేదు. అప్పుడు వెనక గదిలో యుగంధర్ మూడు రోజుల జ్వరంతో పడుకుని ఉన్నాడు. అది ఏ జ్వరమో తెలీదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వీళ్ళు తొందరగా వెళ్ళిపోతే బావుణ్ణని ఆమె టైపు చేసింది. వేళ్ళే పని చేశాయి.

గురువారం పొద్దున్న పదిగంటలకి లాప్‌టాప్ తెరిచింది. మూఢంలో పెళ్ళి పనులుండవు కాబట్టి రెండు నెలలుగా దాని అవసరం పెద్దగా రాలేదు. మూఢం పోయింది నిన్ననే. ఆ ఖాళీలోనే, కిందటి ఆదివారం, మరిది ధనరాజ్ వచ్చి దాన్ని మార్చి వెళ్ళాడు. విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పని అతనిది. తెరమీద ఊరికే ఏదో హెచ్చరిక వస్తోందని ఆమే పిలిచింది.

"ఇది విండోస్ పది వదినా," అన్నాడతను చూసి. "పదికి ఇంక కాపలా నేదు. తలుపుకి గొళ్ళెం తీసేసి పడుకున్నట్టే. పదకొండు ఎయ్యాల."

"ఎనిమిదేళ్ళ ముసల్ది. దీనికి ఎక్కుతాదా?"

"ఎక్కదని అదే అంటన్నాది. ఎక్కించే దారులు నాకు తెల్సు. పైపైన ఎక్కిస్తే మొరాయిస్తాది గాని, మొత్తం తుడిసేసి కొత్తగా ఏస్తాను. నీ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి తీసీసి మళ్ళీ పెట్టెస్తాను. ఇంకేటన్నా కావాలేటి ఇందులో?"

"నాకేటుంటాది? నా తెలుగుంటే చాలు."

"తెలుగు పదకొండులో పుట్టుకతోనే ఉన్నాది," అని ధనరాజ్ కాఫీ తాగాడు.

ఇప్పుడు తెరిస్తే మొదట నాలుగంకెలు అడిగింది. ధనరాజ్ కాగితం మీద రాసిచ్చినవే కొట్టింది. ఎడమ మూలన ఉండాల్సిన స్టార్టు బొత్తం అక్కడ లేదు. ఎక్కడికి పోయిందా అని చూస్తే కింద నడిమధ్యకొచ్చి కూర్చుంది. ఆ పక్కన ఎప్పుడూ చూడని బొమ్మలు. ఒకదాన్ని ముట్టుకుంటే శ్రీకాకుళంలో ఎండెంతుందో చెప్పింది. ఉన్నది నెల్లిమర్లలో గదా, శ్రీకాకుళం ఎండ ఎందుకు చెప్తున్నట్టు? ఇంకోటి ముట్టుకుంటే, నీకు నేనేం సాయం చెయ్యగలనని ఇంగ్లీషులో అడిగింది. భయమేసి మూసేసింది. ఆయుధపూజనాడు మూతమీద పెట్టిన కుంకుమబొట్టు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూసుకుని కొంచెం ధైర్యం తెచ్చుకుంది.

ఫైళ్ళు దొరికాయి. నూటనలభై ఇళ్ళవీ, ఒక్కటి పోలేదు. మావయ్యల ఇంటిపేరు మీద రెండుసార్లు కొట్టింది.

తెరుచుకుంది. నిండా ఇంగ్లీషక్షరాలు. ఇంగ్లీషైనా కాదు. పెద్ద కె, చిన్న ఎస్, డాలరు గుర్తు, ఒక బ్రాకెట్టు, మళ్ళీ కె, సగం ఆశ్చర్యపోయినట్టు ఓ నిలువుగీత. పేజీ పొడుగునా అదే. నడుమకి సర్దిన వరసలు మాత్రం శుభలేఖలాగే ఉన్నాయి, పైన చిన్న వరస, కింద పెద్ద వరస. మొహం గుర్తుపట్టగలిగీ పేరు చెప్పలేని మనిషి ఎదురుపడ్డట్టుంది.

మూసి మళ్ళీ తెరిచింది. ఇంకో ఇంటి ఫైలు తెరిచింది. ఇంకోటి. అన్నీ అంతే.

ధనరాజ్‌కి ఫోను చేసింది. "ఏదో అయిపోయింది. తెలుగు లేదు."

"తెలుగు నేకపోడమేటి వదినా?"

"రా, చూడు. డాలర్లున్నాయి."

అతను నాలుగు ప్రశ్నలు వేశాక గట్టిగా ఊపిరి వదిలాడు. "ఓలమ్మో. నువ్వు పాత ఫాంటులో టైపు సేసేదానివా? దాంట్లో లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలే వదినా. పైన తెలుగు తొడుగు. ఇప్పుడా తొడుగు పోయింది. ఎవులేసేరది?"

"లాప్‌టాప్ అమ్మినాయన వేసిచ్చాడు."

"ఆయనేడీ?"

"కొట్టు తీసేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు. మూడేళ్ళయింది."

"పైన పెట్టెలో ఫాంటు పేరుంటాది, సదువు."

ఆమె చదివింది. పావుగంటకి అతను అదే పేరుతో ఒకటి దొరికిందని వాట్సప్‌లో పంపి, ఎలా ఎక్కించాలో ఫోన్లో చెప్పాడు. ఎక్కించింది. ఇంగ్లీషు పోయి తెలుగొచ్చింది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తీరా చదివితే 'ళ' పక్కన 'ఝ', దానికి రెండు సుడులు, కొమ్ములేని చోట కొమ్ములు. ఒక్క మాటకీ అర్థం లేదు. ఇంగ్లీషు చెత్త తెలుగు చెత్త అయింది, అంతే.

"పేరొకటే గాని అది యేరే కంపెనీదేమో," అన్నాడు ధనరాజ్. "తీసెయ్ వదినా. పనయ్యేక యెతుకుతాను. దొరుకుతాదని మాత్రం సెప్పలేను."

ఆమె దాన్ని తీసేసింది. మళ్ళీ డాలర్లు వచ్చాయి. అవే నయమనిపించింది.

పదకొండున్నరకి జగన్నాధం వచ్చాడు. అరవైనాలుగేళ్ళ మనిషి, పంచె మీద తెల్ల చొక్కా, సంచిలో పసుపు రాసిన ముహూర్తం కాగితం. తెల్లవారుజామున బయల్దేరి రెండు బస్సులు మారాడు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే, "అమ్మా సుహాసినీ, ఒక్క కార్డు సాలు. ఒక్కటి అచ్చుతీసి ఇచ్చీ," అన్నాడు. "రేపు సుక్రవారం పొద్దున్నే ముఖలింగేశ్వరుడి పాదాల కాడ పెట్టాల. ఆయన కాడ పెట్టింది తర్వాత మార్సకూడదు. మిగతావి ప్రెస్సులో నిదానంగా ఏసుకుంటారు."

"మావయ్యా, ముందు మజ్జిగ తాగు."

"మజ్జిగకేటి గాని, మీయమ్మ సెప్పింది. నీ కాడ ఉన్నాదంటగదా మా యమ్మ సెప్పింది. సూపించు. నా పేరే ముందు. ఈ కళ్ళతో సూసేను, ఈ కుర్చీలోనే కూకోని. ఫోటో తీసి ఆ తిరుమలగాడికి పంపించీ. ఆడి నోరు మూతపడతాది."

సుహాసిని లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

జగన్నాధం కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదేటి?"

"అదే."

"ఏదదే?"

"అమ్మమ్మ చెప్పిందే. లాప్‌టాప్ పదకొండుకి మార్చాం మావయ్యా. తెలుగు అక్షరాలు పోయాయి. లోపల ఉంది గానీ చదవడానికి లేదు."

"నోపలుంటే సదవడానికేటి?"

ఆమె తొడుగు సంగతి చెప్పబోయి, ఏ ముక్క ముందు చెప్పాలో తెలీక ఆగిపోయింది.

అతను మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "సర్లే. పోతే పోయింది. మా యమ్మ సెప్పింది నాకు గ్యాపకవే. నే సెప్తాను, నువ్వు టైపు సేసీ."

"చిన్నమావయ్య ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకేటి? లాప్టాప్‌లో అలగే ఉన్నాదని నువ్వు సెప్పు. నీ మాటంటే ఆడికి గురి."

గురి ఏమీ లేదని ఆమెకి తెలుసు. తన తల్లి రాజకుమారి దాలమ్మ కూతురు, జగన్నాధానికి తోడబుట్టింది. తను ఏం చెప్పినా ఆ గుమ్మం తరఫునే చెప్పిందంటాడు తిరుమలరావు. ఫైలు చూపించగలిగితేనే మాట నిలబడుతుంది. లేకపోతే రెండు గుమ్మాల మధ్య ఇరుక్కునేది అమ్మే.

"ముందు పైవి టైపు చేస్తాను," అంది, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. కొత్త పేజీ తెరిచింది. గోడమీద కేలండరుకేసి చూస్తూ, ఎప్పటిలాగే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు కొట్టింది. ఆ మూడు మాటలకి ఆమెకి చూపు అక్కర్లేదు. మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏ అక్షరం ఎక్కడుందో వేళ్ళకే తెలుసు.

తెరకేసి చూస్తే, పెద్ద కె, చిన్న ఎస్, డాలరు గుర్తు, బ్రాకెట్టు, మళ్ళీ కె.

విసుగొచ్చి చెరపబోయింది. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది.

పాత ఫైలు పక్కకి తెచ్చుకుంది. అందులో మొదటి వరస: పెద్ద కె, చిన్న ఎస్, డాలరు, బ్రాకెట్టు. రెండూ ఒకటే. చివరి నిలువుగీతతో సహా.

"మావయ్యా," అంది నెమ్మదిగా. "ఏ ఇంటి శుభలేఖైనా మొదలు శ్రీరస్తేగదా?"

"కాపోతే మరేటి?"

"అయితే ఇది శ్రీరస్తే. నేను ఏ మీట నొక్కేనో ఆ మీటే ఇక్కడ కనిపిస్తోంది. నాకు కళ్ళతో చదవడం రాదు గానీ, మళ్ళీ నొక్కితే వేళ్ళు చెప్తాయి."

జగన్నాధం ఆమెని అనుమానంగా చూశాడు. "నీకు జొరం గాని ఒచ్చిందేటమ్మా?"

"నీకు ఇంగ్లీషక్షరాలు వచ్చుగదా?"

"టెన్తు పాసైనోణ్ణి!"

"అయితే కింద పేర్ల దగ్గర్నించి ఒక్కొక్కటే చదువు. పెద్దదా చిన్నదా కూడా చెప్పు."

ఆమె టేబులు అంచుమీద నోటుబుక్కు పెట్టుకుంది. కళ్ళు మూసుకుని వేళ్ళు మీటల మీద పెట్టింది. జగన్నాధం తెరమీద వేలుపెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా మొదలుపెట్టాడు. "పెద్ద ఎల్. చిన్న... ఇదేటి, క్యూవా జీయా? తోక కుడిపక్కకుంది."

"క్యూ."

"క్యూ. కామా పైకెక్కినట్టొకటి. చిన్న ఎఫ్."

వేళ్ళు కదిలాయి. ఒక్కో తెలుగక్షరానికి రెండు మూడు మీటలు: అక్షరం ఒకటి, తలకట్టు ఒకటి, ఒత్తుకి ఇంకొకటి. మొదట్లో ఏమీ తెలియలేదు. ఆగి, అదే ముక్క మళ్ళీ గబగబా కొట్టి చూసింది. ఆలోచిస్తే రావడం లేదు, తొందరగా కొడితే వస్తోంది. "కీర్తిశేషులు లక్ష్మీ..." అంది పైకే. "లక్ష్మీనరసమ్మ! పెద్దమ్మమ్మ పేరు."

జగన్నాధం తెరనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "ఇందులో పెద్దమ్మ ఉన్నాదా?"

"తర్వాతది చదువు."

తర్వాతది దాలమ్మ. తల్లి పేరు విని జగన్నాధం కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి గౌరవంగా చదివాడు, డాలరు గుర్తుని కూడా. ఇద్దరు తల్లుల పేర్లూ పక్కపక్కనే, 'వారి ఆశీస్సులతో' అని. దాని కింద వరస. అందులో మొదటి పేరు సగానికి రాకముందే సుహాసిని వేళ్ళు ముందుకి పరిగెత్తాయి.

"జగన్నాధం," అంది కళ్ళు తెరిచి.

అతను తొడమీద చరిచాడు. "నే సెప్పేనా! సెప్పేనా నేదా! తర్వాతది తిరుమల పేరే అయ్యుంటాది."

అదే అయింది.

"ఇంక సాలు, కట్టీ. అసలు మాట తేలిపోయింది. నాకు రెండింటి బస్సుంది."

ఆమె నోటుబుక్కులో రెండు పేర్లూ ఆ వరసలోనే రాసింది. మనసు తేలికపడాలి గానీ పడలేదు. తెర కిందకి జరిపితే, కొంత ఖాళీ తర్వాత ఇంకో మూడు వరసలున్నాయి. శుభలేఖలో అక్కడేమీ ఉండవు.

"ఇంకా ఉంది మావయ్యా."

"ఊరి పేరో, ఫోను నంబరో. దాంతో మనకేటి పని?"

"అంకెల్లేవు. చదువు."

"గుంటా, పెద్దోణ్ణి సెప్తన్నాను."

"రెండు బస్సులు మారి వచ్చావుగదా. మూడు వరసలే. చదువు."

చదివాడు. ఈసారి విసుగ్గా, తొందరగా చదివాడు. ఆ తొందరే ఆమె వేళ్ళకి కలిసొచ్చింది. ఇది అచ్చుకి కాదు, అని వచ్చింది మొదట. రాసుకుంది. రెండో వరస సగంలో ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఏటి, కానీ" అన్నాడతను. మూడో వరస అయ్యేదాకా ఆమె వింటూ, కొడుతూ, రాసుకుంటూ పోయింది. వెనక గదిలో దగ్గు, ముక్కుకి గుడ్డ, ఈ కుర్చీలో ముందుకి వంగిన అమ్మమ్మ, 'ఆళిద్దరూ అరుగుమీదున్నారుగదా, బేగి రాసీయే' అన్న గొంతు, అన్నీ వేళ్ళ వెంట వెనక్కొచ్చాయి.

"అయిపోయింది," అన్నాడు జగన్నాధం. "ఏటొచ్చింది?"

ప్రెస్సువాళ్ళ చిరునామా అని చెప్పొచ్చు. ఈ భూమ్మీద దీన్ని చదవగలిగేది తనొక్కతే. చదివిచ్చినవాడికి కూడా తను చదివిందేమిటో తెలీదు. అతని ముఖంలో గెలుపు ఇంకా ఆరలేదు. నోటుబుక్కు అతని చేతికిద్దామని తీసి, మళ్ళీ తనే పట్టుకుంది. ఇది చూపించేది కాదు, చదవాల్సింది.

"అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను మావయ్యా. విను. 'ఇది అచ్చుకి కాదు. ఎవులింట్ల పెళ్ళయితే ఆడు ఎనక నిలబడాల, రెండోవోడి పేరు ముందెయ్యాల. మా యప్ప నన్ను సెయ్యట్టుకోని ఈ గుమ్మంలోకి తెచ్చి తను నా ఎనక నిలబడ్డాది. అదే ఈ ఇంటి వరస.'"

జగన్నాధం కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అదేటి? పైన నా పేరేగదా ముందున్నాది?"

"అప్పుడు పెళ్ళి చిన్నమావయ్యింట్లో. భారతిది. అందుకని నీ పేరు ముందేయించింది."

"అంటే నే సెప్పింది అబద్దం కాదు."

"కాదు."

"మరి ఆడు? ముందు నీదే అని అమ్మ ఆడితో సెప్పిందంటాడు."

"వచ్చేసారి నీదేనని చెప్పుంటుంది. ఎవరికి కావలసింది వాళ్ళకి చెప్పి పంపించింది. మొత్తం ఇక్కడ పెట్టింది."

అతను వేళ్ళమీద ఏదో లెక్క చూసుకున్నాడు. భారతి పెళ్ళి, తన పేరు. తన కొడుకు పృథ్వీరాజ్ పెళ్ళి, తమ్ముడి పేరు. లెక్క సరిపోయినట్టుంది, సరిపోయినందుకు ఇంకా అయోమయంగా ఉన్నట్టుంది. ఉన్నట్టుండి ఆమెకేసి చూశాడు. "ఇది నువ్వు కల్పించి సెప్పడంనేదుగదా?"

ఆ మాట వస్తుందని ఆమెకి తెలుసు. అయినా గుచ్చుకుంది. "మళ్ళీ చదువు. మళ్ళీ చెప్తాను."

అతను చదవలేదు. నోటుబుక్కు తీసుకుని ఆ మూడు వరసలమీదా వేలు నడిపాడు. ఒక మాట దగ్గర ఆగాడు. "అప్ప," అన్నాడు. "అప్పన్నాదా మా యమ్మ?"

"అంది. అందుకే అలా ఉంది."

"మాకందరికీ ఆవిడ పెద్దమ్మ. నీకు పెద్దమ్మమ్మ. ఊరికి పెద్ద కోడలు. అక్కగదా, అప్ప అని మా యమ్మొక్కత్తే అనేది." వేలు ఆ మాట మీదే ఉంచాడు. "సచ్చిపోయేనాడు కూడా, అప్పొచ్చిందా అప్పొచ్చిందా అని... అప్పటికావిడ పోయి ఇరవయ్యేళ్ళు."

కాసేపటికి, "నువ్వు టైపు సేసేవుగదే. నీకు గ్యాపకం నేదా ఇదంతా?" అన్నాడు నిష్ఠూరంగా.

"లేదు మావయ్యా. వెనక గదిలో ఆయనకి జ్వరం."

అతను తలూపాడు. అది మాత్రం వెంటనే అర్థమైంది అతనికి.

అచ్చు తీసే దారి లేదు. ప్రెస్సువాళ్ళు నమూనాకిచ్చిన కార్డులు బీరువాలో ఉన్నాయి, పైన వినాయకుడు, లోపల ఖాళీ. సుహాసిని ఒకటి తీసి కలంతో రాయడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళుగా మీటలు నొక్కిన చెయ్యి, 'శ్రీ' రాసేసరికే వంకరపోయింది. రెండు కార్డులు పాడుచేసి మూడోదాంట్లో కుదుర్చుకుంది. పేర్ల దగ్గరకి వచ్చాక కలం ఎత్తి మావయ్యకేసి చూసింది.

"రాసీ," అన్నాడతను వీధికేసి చూస్తూ. "ఆడి పేరే ముందు రాసీ. అక్షరాలు మరీ పెద్దవి సెయ్యకు."

రాశాక, తనే తమ్ముడికి ఫోను కలిపి టేబులు మీద పెట్టాడు.

"ఒరే తిరుమలా, రేపు పొద్దున్న గుడికి రా. మొదటి కార్డు పెడతన్నాం. నీ పేరే ముందేసేం."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "ఎందుకు?" అన్నాడు తిరుమలరావు.

"ఎందుకేటి? నీకు కావాలన్నావుగదరా?"

"కావాలన్నాను. నువ్వెందుకేసేవు? దీనెనకేటుందో సెప్పు."

"ఎనక నేనున్నాను. అమ్మ అలగ నిలబడమన్నాది."

"సుహాసినుందా అక్కడ? దానికియ్యి." ఆమె ఫోను అందుకోగానే అతను గొంతు తగ్గించాడు. "ఏటమ్మా, మీ పెద్దమావకి ఒంట్లో బాగుందా? మొన్న గూడా నా మీదకి కర్రెత్తేడే. ఇప్పుడేటిలాగ? మరి నేనేటి సెయ్యాల?"

"గుడికి రా చిన్నమావయ్యా. అమ్మమ్మ రాయించింది అప్పుడు ఫోన్లో వినిపిస్తాను. మూడు వరసలే."

"మూడేనా?" అన్నాడు తిరుమలరావు, ఇంకా నమ్మకం చిక్కని గొంతుతో. "సర్లే. వస్తాను. సొక్కా ఇస్త్రీ సెయ్యాల."

జగన్నాధం కార్డుకి నాలుగు మూలలా పసుపు రాయించుకుని, సంచిలో పెట్టుకుని బస్సుకి వెళ్ళాడు. గుమ్మం దిగి మళ్ళీ వెనక్కొచ్చి, "ఆ పెట్టెని మళ్ళీ పన్నెండుకీ పదమూడుకీ మార్సకండి," అని చెప్పి మరీ వెళ్ళాడు.

సుహాసిని ఆ మూడు వరసలూ నోటుబుక్కులో ఇంకోచోట శుభ్రంగా రాసుకుంది. ఇంకా నూటముప్ఫైతొమ్మిది ఇళ్ళున్నాయి. వాటిలో అచ్చుకి కానివి ఇంకేం ఉన్నాయో, ఎవరు చదివి వినిపిస్తారో తెలీదు. లాప్‌టాప్, ఇప్పుడే మళ్ళీ మొదలుపెట్టనా, తర్వాతా అని అడుగుతోంది. ఏది మొదలుపెడుతుందో చెప్పలేదు. 'తర్వాత' మీద నొక్కి మూత వేసింది.

తల్లికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. రాజకుమారి మధ్యలో మూడుసార్లు ఆపి మొదటినించి చెప్పించుకుంది.

"అయితే ఎవులు గెలిసేరే?"

సుహాసిని ఆలోచించింది. "నాకూ తెలీటంలేదమ్మా."

"పోనీలే." రాజకుమారి తనే లెక్క వేసింది. "పెళ్ళి జగన్నాధమింట్ల. అంటే నేను ముందు తిరుమల గుమ్మంలో కాలెట్టాల. అక్కడ నీళ్ళు తాగీసి, అప్పుడు పెళ్ళింటికెల్లాల."

"అమ్మమ్మ పేర్ల గురించే చెప్పింది. గుమ్మాల సంగతి చెప్పలేదు."

"అది నే సెప్తన్నాను," అంది రాజకుమారి. "రాసుకో."

సుహాసిని కలం మూత తీసింది.